తోటలో హైబ్రిడ్, ఆటలో హైబ్రిడ్

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా పైకి లేచిపోయాయి. ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో మళ్ళీ తోట వేయాలనుకున్న రైతు తేల్చుకోవలసింది, నాటు పొడవు రకమా, హైబ్రిడా అని. తూర్పు తీరపు పొడవు కొబ్బరినీ, పొట్టి రకమైన గంగబొండాన్నీ కలిపి అంబాజీపేట పరిశోధన స్థానం తయారుచేసిన గోదావరి గంగ ఉంది. జీడిలో బాపట్ల నుంచి వచ్చిన బీపీపీ-8 అంటుమొక్క ఉంది. అదీ రెండు ఎంపిక చేసిన చెట్ల సంకరమే.

ఆ రైతు కొడుకు టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాడనుకుందాం. రాత్రి భోజనాలయ్యాక ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆట తెరుస్తాడు. కత్తి పట్టాలా, మంత్రం వేయాలా, వైద్యం చేయాలా, లేక అన్నీ తలా కాస్త చేయాలా? ఆట మొదలవకముందే అడిగే ప్రశ్న ఇది. అన్నీ తలా కాస్త చేసే పాత్రనే హైబ్రిడ్ క్లాస్ అంటారు. తండ్రి ముందున్నదీ హైబ్రిడే, కొడుకు ముందున్నదీ హైబ్రిడే. లెక్కలు మాత్రం పూర్తిగా వేరు.

మొక్కలో రెండు భిన్నమైన రకాలు కలిసినప్పుడు, ఒక వైపు నుంచి వచ్చిన బలహీనమైన జన్యువును రెండో వైపు నుంచి వచ్చిన మంచి జన్యువు చాలాసార్లు కప్పేస్తుంది. అందుకే పిల్ల తల్లిదండ్రులిద్దరికన్నా జోరుగా పెరగగలదు. వృక్షశాస్త్రంలో దీన్ని సంకర తేజం అంటారు. కొబ్బరి హైబ్రిడ్ పొట్టి రకంలా త్వరగా కాపుకొస్తుంది, కాయల సంఖ్యలో పొడవు రకాన్ని దాటగలదు. నీరూ ఎరువూ తగ్గితే మాత్రం ఊరుకోదు. అది వేరే కథ. తల్లిదండ్రులిద్దరినీ మించడానికి ప్రకృతిలో అడ్డేమీ లేదన్నది ఇక్కడ ముఖ్యం.

ఆటలో అడ్డు ఉంది. అక్కడ ప్రతి క్లాసుకూ బలాన్ని కొలిచి పంచే డిజైనర్ ఒకడుంటాడు. కత్తిలో యోధుణ్ణీ, మంత్రంలో మాంత్రికుణ్ణీ మించినవాడు ఒక్కడే ఉంటే మిగతా క్లాసులను ఎవరూ ముట్టరు. కాబట్టి హైబ్రిడ్‌ను ఏ ఒక్క పనిలోనూ మొదటి స్థానానికి రానివ్వరు. ఇది ప్రకృతి పెట్టిన నియమం కాదు. కొందరు ఇంజినీర్లు కూర్చుని రాసుకున్నది, అప్పుడప్పుడూ మార్చుకునేదీనూ.

ఈ పంపకం పాతదే. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను అచ్చువేసినప్పుడు అందులో ఉన్నవి మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. ఆ మూడోవాడు అప్పటికే హైబ్రిడ్. కవచం వేసుకుంటాడు, గాయాలు మాన్పుతాడు, కానీ పదునైన ఆయుధం పట్టకూడదు. మొదటి మెట్టులో వాడికి ఒక్క మంత్రం కూడా రాదు. 1987లో జపాన్ నుంచి వచ్చిన ఫైనల్ ఫాంటసీలో రెడ్ మేజ్‌దీ అదే వరస. తెల్ల మంత్రాలూ నల్ల మంత్రాలూ రెండూ నేర్చుకుంటాడు, కత్తీ తిప్పుతాడు, రెంటిలోనూ అన్నిటికన్నా పెద్ద మంత్రాల దాకా మాత్రం చేరలేడు.

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఇంకా కఠినం. పాలడిన్, రేంజర్, షాడో నైట్, బార్డ్ తీసుకున్నవాళ్ళు ఒక మెట్టు ఎక్కడానికి ఎక్కువ అనుభవం సంపాదించాల్సి వచ్చేది. పైగా గుంపులో చేరితే అందరూ కష్టపడి తెచ్చిన అనుభవంలో వాళ్ళకు పెద్ద వాటా పోయేది. అలాంటప్పుడు వాళ్ళను గుంపులోకి ఎవరు రానిస్తారు? చాలా గొడవ జరిగాక ఆ శిక్షను ఎత్తేశారు.

ఇంత శిక్ష ఉండి కూడా హైబ్రిడ్‌ను ఇష్టపడేవాళ్ళు తగ్గలేదు. దానికి గట్టి లెక్క ఒకటుంది. ఒంటరిగా ఆడేటప్పుడు ఒక శత్రువును ఎంత బాగా ఎదుర్కోగలమన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: సెకనుకు ఎంత దెబ్బ కొడుతున్నాం, ఎన్ని సెకన్లు బతికి ఉంటున్నాం. ఈ రెండూ కూడవు, గుణించుకుంటాయి. చేతిలో 100 పాయింట్లు ఉన్నాయనుకోండి. 90 దెబ్బకూ 10 ప్రాణానికీ పెడితే ఫలితం 900. చెరి సగం పెడితే 50 ఇంటూ 50, అంటే 2,500. మధ్యేమార్గం దాదాపు మూడింతలు గెలిచింది. అడవిలో ఒక్కడే తిరిగే కుర్రాడికి హైబ్రిడ్ హాయిగా అనిపించడం భ్రమ కాదు.

ఐదుగురు కలిసిన గుంపులో ఆ గుణకారం చెల్లదు. దెబ్బలు కాచుకునేవాడు ట్యాంక్, గాయాలు మాన్పేవాడు హీలర్, మిగతా ముగ్గురూ శత్రువును కొట్టే డ్యామేజ్. ప్రాణం పని ఒకడు చూస్తుంటే రెండోవాడి ప్రాణం పాయింట్లు వృథా. ఎవరి పనిలో వాళ్ళు ఎంత ఎత్తుకు వెళ్తారన్నదే అక్కడ లెక్కకొస్తుంది. 2004 నవంబర్‌లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇది బాగా కనిపించింది. అప్పటి తొమ్మిది క్లాసుల్లో ట్యాంక్, హీలర్, డ్యామేజ్ మూడూ చేయగలవాళ్ళలో డ్రూయిడ్ ఒకడు. ఎలుగుబంటిగా మారి దెబ్బలు కాస్తాడు, పిల్లిగా మారి గోళ్ళతో చీలుస్తాడు, మనిషిగా వైద్యం చేస్తాడు. కానీ నలభై మంది కలిసి చేసే రెయిడ్‌కు వెళ్తే నాయకుడు చెప్పేది ఒకటే: "నువ్వు హీలింగ్‌కి రా." ఎలుగూ పిల్లీ ఇంట్లోనే ఉండిపోయేవి. పోనీ రాత్రికొక వేషం మార్చుకుందామన్నా డబ్బు పోయేది. టాలెంట్లు, అంటే పాత్రకు ఎంచుకున్న నైపుణ్యాలు, చెరిపి మళ్ళీ రాసుకోవడానికి మొదటిసారి ఒక గోల్డ్, ఆ తర్వాత పెరుగుతూ పోయి 50 గోల్డ్ దాకా. దానికితోడు ఒక్కో పాత్రకు ఒక్కో జత కవచాలు. రెండు జతలు సంపాదించాలంటే రెండింతల రాత్రులు.

2008 తర్వాత ఆ ఆట డిజైనర్లు బహిరంగంగానే చెప్పారు: మేజ్, రోగ్ లాంటి ఒకే పని క్లాసులు డ్యామేజ్‌లో హైబ్రిడ్‌లకన్నా కాస్త ముందుండాలి, ఎందుకంటే వాళ్ళకు ఇంకో పని లేదు. ఆటగాళ్ళు దానికి హైబ్రిడ్ పన్ను అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు. ఆ పన్ను నిజంగా ఎంత బరువో చూద్దాం. నూటికి ఐదు వంతులు తక్కువ అనుకోండి. ముగ్గురు డ్యామేజ్‌వాళ్ళలో ఒకడు హైబ్రిడ్ అయితే మొత్తం 300కు బదులు 295. ఆరు నిమిషాల్లో పడవలసిన పెద్ద శత్రువు, అంటే బాస్, మరో ఆరు సెకన్లు ఎక్కువ నిలబడతాడు. అంతే. ఈ ఆరు సెకన్ల కోసం అంత రభస అవసరమా అంటే, బాస్‌కు గడువు పెట్టిన యుద్ధాల్లో ఒక్కోసారి అవసరమే. మామూలు రాత్రుల్లో కాదు.

ఆరు సెకన్లకు బదులుగా ఏం దొరుకుతుందో ఉద్దానం కుర్రాళ్ళకు విడిగా చెప్పనక్కర్లేదు. ఈ తీరం వలసల తీరం. ఒకే బడిలో చదివిన ఐదుగురిలో ఒకడు పలాస జీడి ఫ్యాక్టరీలో, ఒకడు విశాఖ హాస్టల్లో, ఒకడు హైదరాబాద్‌లో షిఫ్టు ఉద్యోగంలో, ఒకడు గల్ఫ్‌లో ఉంటాడు. అందరూ ఒకే రాత్రి ఆటకు రావడమే గొప్ప. ఒక్కొక్కడూ పది రాత్రుల్లో ఎనిమిది రాత్రులు వస్తాడనుకుందాం. ఐదుగురూ కలిసే అవకాశం 0.8ని ఐదుసార్లు హెచ్చిస్తే వచ్చేది, సుమారు 0.33. మూడు రాత్రుల్లో రెండు రాత్రులు ఎవడో ఒకడు లేడన్నమాట.

డ్యామేజ్‌వాడు రాకపోతే నెమ్మదిగానైనా ఆడొచ్చు. ట్యాంకో హీలరో రాకపోతే ఆ రాత్రికి ఆట లేదు. ఆ ఇద్దరూ ఉండే అవకాశం 0.8 ఇంటూ 0.8, అంటే నూటికి 64. ఇప్పుడు మూడోవాడు అవసరాన్నిబట్టి ట్యాంకైనా హీలరైనా కాగల హైబ్రిడ్ అనుకోండి. ముగ్గురిలో ఏ ఇద్దరు వచ్చినా చాలు. లెక్క వేస్తే ఆ అవకాశం నూటికి 90కి దగ్గర. ఆరు సెకన్లు పోయి, నూరు రాత్రుల్లో 26 రాత్రులు కలిశాయి. హైబ్రిడ్ విలువ వాడి బలం పట్టికలో ఎంత వెతికినా దొరకదు. అది పక్కవాళ్ళ గైర్హాజరీలో ఉంటుంది.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. ఎవరి కారణాలతో వాళ్ళు విడివిడిగా మానేయాలి. ఐదుగురూ వజ్రపుకొత్తూరులోనే ఉండి కరెంటు పోతే ఐదుగురూ ఒకేసారి పోతారు. అప్పుడు ఎన్ని వేషాలు వచ్చినవాడైనా చేసేదేమీ లేదు. తిత్లీ రోజున తోటల్లో జరిగిందీ ఇదే. కొబ్బరి కింద జీడి, పక్కన పనస వేసుకోవడం ధర పడిపోయినప్పుడు, ఒక పంటకు తెగులు వచ్చినప్పుడు కాపాడుతుంది. అన్నిటినీ ఒకే గాలి కొడితే అన్నీ కలిసే పడతాయి.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ విలువను క్రమంగా గుర్తించింది. 2009 ఏప్రిల్‌లో వెయ్యి గోల్డ్ కడితే రెండు టాలెంట్ పట్టికలను ఒకే మనిషి దగ్గర ఉంచుకునే వీలు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో తెలియనివాళ్ళను ఆటే జతచేసే డంజన్ ఫైండర్ వచ్చింది. డ్యామేజ్‌వాళ్ళు వరుసలో కూర్చుని ఎదురుచూస్తుంటే ట్యాంకుకు వెంటనే పిలుపు వచ్చేది. ట్యాంకులు ఎప్పుడూ తక్కువే. ఆ పని ఒంటికి పట్టినవాడికి ఎదురుచూపు ఉండదు.

కాబట్టి క్లాసు ఎంచుకునే ముందు చూడవలసింది జట్టును. ఆ తర్వాత నెట్‌వర్క్‌ను. సర్వర్ సింగపూర్‌లో ఉంటే పలాస నుంచి సూటిగా కొలిచినా దాదాపు 2,900 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికే 29 మిల్లీసెకన్లు కావాలి. కేబుల్ సూటిగా పోదు, చివర్లో మొబైల్ టవర్ ఉంది, వానాకాలం ఉంది. అసలు ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. బాస్ మంత్రాన్ని మధ్యలో ఆపడం, క్షణాల్లో పక్కకు దూకడం లాంటి పనుల మీద బతికే క్లాసును ఈ ఆలస్యం తినేస్తుంది. డ్రూయిడ్ వైద్యం అలాంటిది కాదు. ఒకసారి వేస్తే పన్నెండు పదిహేను సెకన్లపాటు కొద్దికొద్దిగా గాయం మాన్పుతూనే ఉంటుంది. సిగ్నల్ ఒక్క క్షణం ఆగినా ప్రాణం పోదు. ఎలుగు వేషం విషయంలో అంత భరోసా ఇవ్వలేను.

ఫోనులోనే ఆడేవాళ్ళకు ఇంకో దారి ఉంది. 2021 నుంచి ఫోన్లలోనూ దొరుకుతున్న అల్బియన్ ఆన్‌లైన్‌లో క్లాసులే లేవు. వేసుకున్న కవచం, పట్టుకున్న ఆయుధం ఏవైతే ఆ రాత్రికి అదే పాత్ర. కానీ ఒక్కో రకం ఆయుధానికి పట్టు విడిగా పెంచుకోవాలి. అన్నీ కొద్దికొద్దిగా నేర్చినవాడు అక్కడా ఏదో ఒకదానిలో వెనకబడతాడు. పన్ను పేరు మారింది, వసూలు ఆగలేదు.

మరి ఐదుగురూ హైబ్రిడ్‌లే అయితే? మొదటి హైబ్రిడ్ ట్యాంక్-హీలర్ దొరికే రాత్రులను 64 నుంచి 90కి తెచ్చాడు. రెండోవాడు వస్తే 97. మూడోవాడు వస్తే 99. ఆ మూడోవాడు నూరు రాత్రుల్లో కలిపేది రెండే రాత్రులు. వాడు మేజ్ తీసుకుంటే బాస్ ప్రతి రాత్రీ ఆరు సెకన్లు ముందే పడతాడు.