గాజుపాత్రలో జీవాంకురం

తెలుగులో "గొడ్రాలు", ఉర్దూలో "బాంఝ్" అనే మాటలు రెండూ స్త్రీని ఉద్దేశించినవే. సంతానం లేని పురుషునికి అంతటి నిందావాచకం ఈ రెండు భాషల వాడుకలోనూ నాకు కనబడలేదు. పెక్కు సందర్భాలలో లోపం పురుషునిలోనే ఉంటుందని వైద్యశాస్త్రం నిరూపించినా మాటలు మాత్రం మారలేదు. "టెస్ట్‌ట్యూబ్ బేబీ" అని పత్రికలు పేరుపెట్టిన చికిత్సను గురించి మన విద్యార్థులు తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

అసలు ఆ పేరే సరియైనది కాదు. శిశువు పరీక్షనాళికలో పెరగదు. "ఇన్ విట్రో" అనే లాటిన్ పదబంధానికి "గాజులో" అని అర్థం. గాజుపాత్రలో జరిగేది అండ శుక్రకణాల సంయోగమూ, తరువాతి కొద్ది దినాల పెరుగుదలా మాత్రమే. తక్కిన నెలలన్నీ తల్లి గర్భంలోనే.

స్త్రీకి సాధారణంగా నెలకు ఒక్క అండమే పక్వమవుతుంది. చికిత్సలో సుమారు పది దినాలు హార్మోను ఇంజక్షన్లు ఇచ్చి, పలు అండాలు ఒకేసారి పక్వమయ్యేలా చేస్తారు. వాటి ఎదుగుదలను అల్ట్రాసౌండ్ యంత్రంతో గమనిస్తూ, తగిన సమయంలో చివరి ఇంజక్షను ఇస్తారు. ఆపై సుమారు 36 గంటలకు, అండాలు వాటంతట అవి విడుదల కాకముందే, సన్నని సూదితో వెలికి తీస్తారు. ఈ గడియల లెక్క తప్పితే శ్రమంతా వృథా. శుద్ధిచేసిన శుక్రకణాలతో వాటిని చిన్న పళ్లెంవంటి పాత్రలో చేర్చి, 37 డిగ్రీల వేడిమిలో ఉంచుతారు. శుక్రకణాలు బలహీనమైనవైతే, ఒకే ఒక్క కణాన్ని సూదితో అండంలోకి ప్రవేశపెడతారు. ఈ పద్ధతి ఫలించినట్లు 1992లో బ్రస్సెల్స్ వైద్యులు ప్రకటించారు.

మరునాడు సూక్ష్మదర్శినిలో చూస్తే, ఫలించిన అండంలో రెండు కేంద్రకాలు ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మూడవనాటికి ఎనిమిది కణాలు, ఐదవనాటికి నూరు వరకు. అప్పుడు పిండాన్ని మెత్తని సన్నని గొట్టంతో గర్భాశయంలో ఉంచుతారు. మిగిలిన వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరచవచ్చు. ఇంత చేసినా పెక్కుసార్లు గర్భం నిలవదు. స్త్రీ వయస్సు నలుబది దాటితే అవకాశం మరీ తగ్గుతుంది. ఆకర్షణీయమైన ప్రకటనలు చూచి అప్పులకు సిద్ధపడేవారు ఈ సంగతి ముందుగా అడిగి తెలుసుకోవాలి.

ఈ విధానంలో తొలి శిశువు లూయీస్ బ్రౌన్ 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో జన్మించింది. ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ అనే ముగ్గురి కృషి అది. వారు సహజంగా పక్వమైన ఒక్క అండంతోనే విజయం సాధించారు. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ ప్రయత్నం ఫలించి ఒక బాలిక జన్మించింది. ఆయన హార్మోన్లతో అండాలను పక్వం చేసి, పిండాన్ని శీతలీకరించి, మరొక ఋతుచక్రంలో గర్భంలో ఉంచాడు. నేటి ఆసుపత్రులలో నిత్యమూ జరిగేది ఇదే! ఆనాటి విచారణ సంఘం మాత్రం నమ్మలేదు. ఆయనను నేత్రవైద్య విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు.

1986లో బొంబాయిలో జన్మించిన శిశువును దేశంలో మొదటిదిగా లెక్కించారు. ఆ కృషిలో పాల్గొన్న శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్ కుమార్, తరువాత ముఖర్జీ వ్రాసిపెట్టిన కాగితాలను పరిశీలించి, 1997లో ఆ ప్రథమస్థానం తనది కాదనీ, ముఖర్జీదేననీ స్వయంగా ప్రకటించాడు.