బ్రోకరును మార్చితే దలాలీ ఎవరికి చెందుతుంది?

ఇల్లు అమ్మదలచిన ఆసామి ఒక బ్రోకరుకు చెప్పి, మూడు నాలుగు నెలలు చూచి, బేరం తెగకపోతే మరొక బ్రోకరును ఆశ్రయించడం మామూలే. చిక్కు ఆ తర్వాత వస్తున్నది. రెండవ బ్రోకరు ద్వారా రిజిస్ట్రేషను పూర్తయిన మరునాడు మొదటి బ్రోకరు వచ్చి, ఈ పార్టీని మొదట తెచ్చింది తానేనని దలాలీ అడుగుతాడు. అప్పుడు ఆసామి ఒకే అమ్మకానికి రెండు కమీషన్లు చెల్లించుకోవలసి రావచ్చు. లేదా నెలల తరబడి తిరిగిన మొదటి బ్రోకరుకు చిల్లిగవ్వ దక్కకపోవచ్చు. ఏది జరిగేదీ చాలావరకు మొదట్లో అనుకొన్న మాట మీద, వ్రాసుకొన్న కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

మొత్తం చిన్నది కాదు. ఉదాహరణకు రు. 80 లక్షల ఇంటికి ఒక శాతం చొప్పున దలాలీ రు. 80,000. ఇద్దరికీ ఇవ్వవలసి వస్తే రు. 1,60,000. బ్రోకరు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఉన్నవాడైతే దలాలీ మీద 18 శాతం పన్ను అదనం. అంటే ఒక్కొక్క బిల్లు మీద మరి రు. 14,400. దలాలీ రేటును ఏ చట్టమూ నిర్ణయించలేదు. ఒకటి నుంచి రెండు శాతం వరకు, ఊరును బట్టి, ఆస్తిని బట్టి, పరిచయాన్ని బట్టి ఇచ్చిపుచ్చుకోవడం వాడుక.

యార్డు దలాలీకి, ఇంటి దలాలీకి తేడా

సరుకుల బజారులో ఈ తగాదా ఇంతగా కనిపించదు. గుంటూరు మిర్చి యార్డులో రైతు కమీషన్ ఏజెంటు కొట్టు వద్ద బస్తాలు దింపుతాడు. బేరం కుదిరి, కాటా వేసి, పట్టీ వ్రాసేసరికి కమీషను లెక్క కూడా తేలిపోతుంది. తర్వాతి లాటును రైతు మరొక కొట్టుకు తీసుకొనిపోతే దాని మీద పాత ఏజెంటుకు కమీషను రాదు. పాత బాకీ ఉంటే అది వేరే ఖాతా.

ఇంటి అమ్మకం అలా ఒక పూటలో ముగియదు. పార్టీకి ఇల్లు చూపడం, ధర మాట్లాడడం, దస్తావేజులు పరిశీలించడం, బయానా, అగ్రిమెంటు, బ్యాంకు అప్పు, చివరకు రిజిస్ట్రేషను. మొదటి మెట్టుకు, చివరి మెట్టుకు మధ్య నెలలు గడుస్తాయి. ఈ మధ్యకాలంలో బ్రోకరు మారితే, పనిలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న తలెత్తుతుంది.

చట్టం ఏమంటున్నది

మన దేశంలో ఈ విషయాలకు మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. సరుకు దలాలుకైనా, ఇంటి బ్రోకరుకైనా ఏజెన్సీ సూత్రాలు అవే. ఏజెన్సీ ఏర్పడడానికి కాగితం తప్పనిసరి కాదు. నోటి మాట, నడవడి కూడా చాలు. అందుచేత "నేను సంతకం చేయలేదు కదా" అన్నంత మాత్రాన ఆసామి బాధ్యత తొలగిపోదు.

203వ సెక్షను ప్రకారం ఏజెంటు తన అధికారాన్ని వినియోగించి యజమానిని కట్టుబడి ఉండేలా చేయక ముందు ఎప్పుడైనా ఆ అధికారాన్ని రద్దు చేసుకోవచ్చు. అంటే బ్రోకరును మార్చే హక్కు ఆసామికి ఉన్నది. ఆ హక్కుకు కొన్ని హద్దులు కూడా ఉన్నవి. ఫలానా కాలం వరకు ఏజెన్సీ సాగుతుందని ఒప్పుకొని, తగిన కారణం లేకుండా ముందే రద్దు చేస్తే 205వ సెక్షను కింద పరిహారం చెల్లించాలి. రద్దుకు సమంజసమైన నోటీసు ఇవ్వాలని 206వ సెక్షను చెబుతున్నది. రద్దు సంగతి బ్రోకరుకు తెలిసినప్పుడే అతని విషయంలో అమలులోకి వస్తుందని 208వ సెక్షను నియమం. ఆసామి మనసులో మానుకొని, బ్రోకరుకు చెప్పకుండా వేరొకరికి పని అప్పగిస్తే, ఈలోగా మొదటివాడు తెచ్చిన పార్టీ విషయంలో అతని హక్కు పోయినట్లు కాదు.

రద్దు చేయడానికి వీలులేని ఏజెన్సీ కూడా ఒకటి ఉన్నది. ఏజెన్సీకి విషయమైన ఆస్తిలో ఏజెంటుకే స్వంత ప్రయోజనం ఉంటే, దానికి భంగం కలిగేలా రద్దు చెల్లదని 202వ సెక్షను అంటున్నది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ పత్తి వర్తకులకు పరిచితమైనదే. ఒకరు 1,000 బేళ్ల పత్తిని ఏజెంటుకు పంపుతారు. ఆ పత్తి మీద ఏజెంటు అప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. అమ్మి, వచ్చిన సొమ్ములో తన బాకీ మినహాయించుకోవలసిందిగా చెప్పిన తర్వాత ఆ అధికారాన్ని వెనక్కు తీసుకోవడానికి వీలులేదు. ఇంటి బ్రోకరు స్థితి వేరు. ముందు ముందు కమీషను వస్తుందన్న ఆశ మాత్రమే అటువంటి ప్రయోజనం కాజాలదు. కనుక సాధారణ బ్రోకరు "నన్ను మార్చరాదు" అని పట్టుబట్టలేడు. రావలసిన దలాలీయో, పరిహారమో మాత్రం అడగవచ్చు.

దలాలీ ఎప్పుడు బాకీ అవుతుంది?

అసలు కీలకం ఇక్కడ ఉన్నది. వేరే ఒడంబడిక లేకపోతే పని పూర్తయ్యే వరకు ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదని 219వ సెక్షను చెబుతున్నది. అయితే "పని" అంటే ఏమిటి? పార్టీని తీసుకొనివచ్చి కూర్చోబెట్టడమా, అగ్రిమెంటు అయ్యేలా చూడడమా, రిజిస్ట్రేషను దాకా నడిపించడమా? దీనికి జవాబు ఒప్పందంలోని మాటలే.

ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన లక్సర్ కేసు ఒక కొసకు ఉదాహరణ. సినిమా హాళ్ల అమ్మకం పూర్తయితే 10,000 పౌన్లు ఇస్తామన్నది అక్కడి ఒప్పందం. ఏజెంటు కొనేవారిని తెచ్చాడు. యజమానులు అమ్మలేదు. అమ్మకం పూర్తికాలేదు గనుక కమీషను లేదనీ, ఏజెంటు కోసం యజమాని అమ్మి తీరాలన్న షరతు ఒప్పందంలో ఇమిడి ఉన్నదని ఊహించరాదనీ తీర్పు వచ్చింది.

మరొక కొసకు ఉదాహరణ 1950లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కలకత్తా ఇంటి కేసు. 1943లో యజమాని బ్రోకరుకు నెల గడువుతో ఒక ఉత్తరం ఇచ్చాడు. లక్ష రూపాయలకు కొనేవారిని సంపాదించితే రు. 1,000 ప్రతిఫలం. లక్ష దాటి రు. 1,05,000 వరకు వచ్చే అదనం మొత్తం బ్రోకరుదే. ఆపైన వచ్చిన దానిలో నాలుగవ వంతు కూడా అతనికే. గడువులోపల బ్రోకరు రు. 1,10,000కు కొనేవారిని చూపాడు. తర్వాత యజమాని అదే పార్టీ సూచించిన వారికి రు. 1,05,000కు అమ్మాడు. యజమాని తరఫున విక్రయ ఒప్పందం ఖాయపరిచే అధికారం ఆ ఉత్తరం బ్రోకరుకు ఇవ్వలేదని కోర్టు అన్నది. అయినా కొనుగోలుదారుని సంపాదించినందుకు ప్రతిఫలం పొందే హక్కు అతనికి ఉన్నదని తేల్చింది.

రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే వర్తకులకు పాఠం తెలుస్తుంది. "అమ్మకం పూర్తయితే" అని వ్రాసుకొంటే ఒక ఫలితం, "కొనేవారిని సంపాదించితే" అని వ్రాసుకొంటే మరొక ఫలితం.

కారకుడు ఎవరు?

ఇద్దరు బ్రోకర్లు ఒకే పార్టీ మీద దలాలీ అడిగినప్పుడు, ఒప్పందంలో స్పష్టత లేకపోతే, అమ్మకానికి అసలు కారకుడు ఎవరన్నది చూస్తారు. పార్టీకి ఇల్లు మొదట చూపినవాడే కారకుడని ఎల్లప్పుడూ అనలేము. మొదటి బ్రోకరు చూపి వదిలేసి, పార్టీ వద్దనుకొని వెళ్లిపోయి, చాలా కాలం తర్వాత రెండవ బ్రోకరు కొత్త ధరతో కొత్తగా నచ్చజెప్పి తీసుకొనివస్తే రెండవవాని వాదానికి బలం ఉంటుంది. అట్లా కాక ధర కూడా మాట్లాడి, బయానా దాకా వచ్చిన బేరాన్ని, దలాలీ తగ్గించుకొనేందుకు వేరొకరి చేతి మీదుగా ముగించితే మొదటివాని హక్కును కాదనడం కష్టం.

బ్రోకరు నడవడి కూడా లెక్కలోకి వస్తుంది. యజమానికి తెలియకుండా తానే బినామీగా కొనడం, వచ్చిన మంచి బేరాన్ని దాచిపెట్టడం వంటివి చేసినవానికి ఆ వ్యవహారంలో ప్రతిఫలం అడిగే హక్కు ఉండదని 220వ సెక్షను చెబుతున్నది. ఇరువైపులా దలాలీ తీసుకొనే వాడుక మన ప్రాంతంలో ఉన్నప్పటికీ, ఆ సంగతి ఇరుపక్షాలకూ తెలిసి ఉండడం బ్రోకరుకే క్షేమం.

విదేశాల పద్ధతి

అమెరికాలో ఈ వ్యవహారం ముద్రించిన ఫారాల మీద నడుస్తుంది. అక్కడ ఇళ్లు కొని అమ్ముతున్న తెలుగువారికి ఇది అనుభవమే. ఏజెన్సీ ప్రధానంగా మూడు రకాలు. ఎవరు అమ్మినా, చివరకు యజమానే స్వయంగా అమ్ముకొన్నా ఏజెంటుకు కమీషను ఇవ్వవలసినది ఒకటి. వేరే ఏజెంటు అమ్మితే ఇవ్వాలి కాని యజమాని స్వయంగా అమ్ముకొంటే అక్కర లేనిది రెండవది. అమ్మించినవానికి మాత్రమే ఇచ్చేది మూడవది. మన ఊళ్లలో జరిగేది ఎక్కువగా ఈ మూడవ రకమే.

గడువు ముగిసిన తర్వాత కూడా కొంతకాలం వరకు, పాత ఏజెంటు చూపిన పార్టీకే అమ్మితే అతనికి కమీషను ఇవ్వాలన్న రక్షణ షరతు అక్కడి ఫారాల్లో సర్వసాధారణం. యజమాని ఈలోగా మరొక బ్రోకరుతో కొత్త ఏకైక ఏజెన్సీ వ్రాసుకొంటే ఈ షరతు వర్తించదని చాలా ఫారాల్లో ఉంటుంది. రెండు కమీషన్ల బెడద తప్పించడమే దీని ఉద్దేశం. సంతకం చేసే ముందు ఈ వాక్యం ఉన్నదీ లేనిదీ చూచుకోవాలి. ఇంకొక సంగతి, అక్కడ లిస్టింగు బ్రోకరు సంస్థదే గాని అందులో పనిచేసే ఏజెంటుది కాదు. గుమాస్తా కొట్టు మారితే ఖాతా వెంట తీసుకొనిపోలేనట్లే, ఏజెంటు సంస్థ మారినా పాత సంస్థ వదులుకొంటే తప్ప లిస్టింగు అతని వెంట పోదు.

రిజిస్ట్రేషను లేని బ్రోకరు

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అనగా రెరా, బ్రోకర్లకు కొత్త బాధ్యతలు తెచ్చింది. రెరాలో నమోదైన ప్రాజెక్టులోని ప్లాటు గాని, ఫ్లాటు గాని అమ్మించే బ్రోకరు 9వ సెక్షను ప్రకారం తానూ నమోదై ఉండాలి. లెక్కల పుస్తకాలు ఉంచాలి. నిబంధన ఉల్లంఘించితే రోజుకు రు. 10,000 చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉన్నది. నమోదు లేనివాడు ఇటువంటి బేరంలో దలాలీ కోసం కోర్టుకెక్కితే, బాకీ సంగతి అటుంచి, తన నమోదు సంగతి ముందు చెప్పుకోవలసి వస్తుంది. రెండవ బ్రోకరును ఎన్నుకొనే ఆసామి కూడా ఈ నంబరు అడిగి తీసుకోవడం మంచిది.

మార్చే ముందు చేయవలసినవి

మొదటి బ్రోకరుతో ఒప్పందానికి గడువు ఉంటే అది ముగిసిందీ లేనిదీ ముందుగా చూచుకోవాలి. లేకుంటే ఫలానా తేదీతో ఏజెన్సీ ముగుస్తున్నదని వ్రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు సంతకం తీసుకోవాలి. అప్పటివరకు అతడు చూపిన పార్టీల జాబితాను పేర్లతో సహా అదే కాగితం మీద వ్రాయించుకోవాలి. ఆ జాబితాలోని వారు ఎన్ని రోజులలోపల కొంటే అతనికి దలాలీ ఇచ్చేదీ తేల్చుకోవాలి. ఇది ఆసామికి ఎంత రక్షణో, బ్రోకరుకూ అంతే రక్షణ.

ఆ జాబితాను రెండవ బ్రోకరుకు ముందే చూపాలి. అందులోని పార్టీయే కొంటే తనకు దలాలీ ఉండదనో, ఇద్దరూ సగం సగం పంచుకోవాలనో అప్పుడే తేల్చుకొంటే రిజిస్ట్రేషను ఆఫీసు మెట్ల మీద పేచీ ఉండదు. ఇక దస్తావేజుల అసలు ప్రతులు బ్రోకరు చేతికి ఇవ్వరాదు. వేరే ఒప్పందం లేకపోతే, తనకు రావలసిన కమీషను చెల్లించే వరకు యజమాని కాగితాలను ఏజెంటు అట్టిపెట్టుకోవచ్చునని 221వ సెక్షను చెబుతున్నది. అసలు దస్తావేజు పాత బ్రోకరు బీరువాలో ఉండగా కొత్త బ్రోకరు బేరం కుదిర్చినా అమ్మకం ముందుకు సాగదు.

బ్రోకరు వైపు నుంచి చూస్తే, పార్టీకి ఇల్లు చూపిన తేదీ, చెప్పిన ధర, వచ్చిన జవాబు నాటికి నాడు పుస్తకంలో ఎక్కించుకోవడం, ఆ సంగతి ఆసామికి ఒక చిన్న సందేశం ద్వారానైనా తెలియజేయడం అవసరం. దలాలీ బాకీకి దావా గడువు మూడేళ్లు. అంతకాలం తర్వాత సాక్షుల జ్ఞాపకం మీద కంటే, నాడు వ్రాసిన ఒక్క పంక్తి మీద ఎక్కువ ఆధారపడవచ్చు.