‘రోబో’కు వచ్చిన యుత్తరకథ

కథ ముగిసిన పిదప “ఆ తరువాత నేమాయెను?” అని యడుగని బిడ్డ యే యింటను నుండదు. పెద్దలకును ఈ కుతూహలము తప్పలేదు. పట్టాభిషేకముతో రామకథ ముగిసినను మనవారు ఉత్తరకాండను విడువలేదు. భారతము పూర్తియైనను హరివంశము కావలసివచ్చెను. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును నన్నయ పేరుమీదనే పూరించి, హరివంశమును గూడ తెనిగించెను. నాచన సోముడు ఉత్తరహరివంశమును రచించెను. కావున నొకప్పటి కథను మరల నందుకొని నడపుట మనకు క్రొత్తగాదు, తప్పును గాదు. అయితే అట్లు నడపువానికి పూర్వకథలో నొప్పి యెచ్చట నున్నదో తెలిసియుండవలెను. అది తెలియనిచో నేమగునో “2.0” అను చలనచిత్రము నాకు జూపినది.

శంకరుగారి దర్శకత్వమున 2010 అక్టోబరులో వచ్చిన “రోబో”కు ఇది యుత్తరకథ. 2018 నవంబరు 29వ తేదీన విడుదలయ్యెను. రెండును అరవమున తీసి తెలుగు మాటలు చేర్చినవే. అంతమాత్రమున మన నల్లగొండ, మహబూబునగరము పిల్లలకు చిట్టి పరాయివాడు కాడు. కాగితపు పెట్టెలు తలకు దగిలించుకొని చిట్టివలె నడవని కుఱ్ఱవాడు మా వీధిలో లేకుండెను.

“రోబో” వచ్చుసరికి నేను కాపురమునకు వచ్చి యెన్నో నెలలు కాలేదు. మావారు బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పుదురు. “ఇది చూడదగిన బొమ్మ” యని నన్నును అత్తగారిని వెంటబెట్టుకొని పోయిరి. యంత్రముల కథ నాకేల యని గొణుగుకొనుచునే పోయితిని. తిరిగివచ్చునప్పుడు త్రోవపొడుగునను అత్తగారును నేనును చిట్టిని గూర్చియే మాటలాడుకొంటిమి. తరువాత టీవీలో వచ్చినప్పుడెల్ల చేతిపని ప్రక్కకు బెట్టి కూర్చుంటిమి.

చూడని సోదరీమణులకు కథ క్లుప్తముగ చెప్పెదను. వశీకరుడను శాస్త్రజ్ఞుడు సైన్యమునకు ఉపయోగపడుటకై యొక యంత్రపురుషుని నిర్మించును. వాడే చిట్టి. వానికి బలము కలదు, చదువు కలదు, మంచిచెడ్డల యెఱుక లేదు. ఒకనాడొక మేడ యంటుకొనగా చిట్టి మంటలలో జొచ్చి యెందఱనో కాపాడును. స్నానము చేయుచున్న యొక పిల్లను ఉన్నదున్నట్లుగా నెత్తుకొని వచ్చి జనము నడుమ దింపును. ప్రాణము నిలిపితినని వాని సంతోషము. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి క్రిందబడి మరణించును. “పైన దుప్పటి కప్పవలెనని దానికెవరు నేర్పిరి?” అని మా అత్తగారు కన్నీరు దుడుచుకొనిరి. శాస్త్రజ్ఞునికి తోచుటకు రెండు గడియలు పట్టిన సంగతి ఆమెకు వెంటనే తోచినది. లెక్కలన్నియు దెలిసినదానికి మానమన్న మాట తెలియలేదు.

అప్పుడు వశీకరుడు చిట్టికి మనస్సు నేర్పబూనును. నేర్చిన మనస్సు ఊరకుండునా? అది వశీకరుని ప్రియురాలైన సనను ప్రేమించును. కోపించిన కర్త తన సృష్టిని తానే నఱికి పాఱవేయగా, బోరా యను దుష్టుడు దానిని దెచ్చి, ఎఱ్ఱని చిప్ నొకదానిని లోపల బెట్టి రాక్షసునిగా మార్చును. కడపట ఆ ఎఱ్ఱని చిప్ తీసివేసినతోడనే చిట్టి మరల సాధువగును. న్యాయస్థానము వానిని విప్పివేయుమనగా వాడు తన యంగములను తానే యొక్కొక్కటిగా నూడదీసి యప్పగించును. 2030వ సంవత్సరమున ఒక ప్రదర్శనశాలలో బడిపిల్ల యొకతె వానిని జూచి, నిన్నెందుకు విప్పివేసిరని యడుగును. తాను ఆలోచించుటకు మొదలిడినందుననే యని చిట్టి సమాధానము.

ఈ ప్రశ్నకు బదులు కొఱకే నేను ఎనిమిదేండ్లు వేచితిని. ఆలోచించునట్టి యంత్రమును మనుష్యుడు భరించునా? నేర్పినవాడే శిక్షించుట న్యాయమా? రెండు ప్రేమల నడుమ నలిగిన సన యేమైనది? ఉత్తరకథ వీనిలో నొకదానిని గూడ ముట్టలేదు.

రెండవ బొమ్మలో నగరములోని సెల్‌ఫోనులన్నియు చేతులలోనుండి యెగిరిపోవును. కారణము పక్షిరాజు. ఆయన పక్షుల నారాధించిన వృద్ధుడు. టవరుల తరంగములచే పిట్టలు నశించుచున్నవని మొఱపెట్టుకొని, వినువారు లేక టవరుకే యురివేసికొనును. ఆయన కోపమే రూపుదాల్చి పగదీర్చుకొనును. వానిని గెలుచుటకు విప్పివేసిన చిట్టిని మరల కూర్చుదురు. ఫోనులన్నియు గుమిగూడి యొక మహాపక్షియై రెక్కలు విప్పు దృశ్యము నిజముగా నద్భుతము. మా అబ్బాయి కుర్చీలో నిలువలేదు. ఐదువందల కోట్లకు పైగా వ్యయమైనదని పత్రికలు వ్రాసినవి. ఆ వ్యయము కంటికి గనబడును.

కాని చిట్టి యెట్లు గెలిచెను? ఆ ఎఱ్ఱని చిప్పుతోనే! మొదటి కథలో దేనిని తీసివేసినగాని లోకమునకు శాంతి కలుగలేదో, దానినే రెండవ కథలో నీల యను యంత్రస్త్రీ తెచ్చి మరల తొడుగును; జనము చప్పట్లు గొట్టుదురు. అంతటితో నాగలేదు. పక్షిరాజును లొంగదీయుటకు చిట్టిపొట్టి రోబోలు పావురములపై నెక్కి, వానిని చంపుదుమని బెదిరించును. పక్షులను కాపాడనెంచినవానిని పక్షుల ప్రాణములడ్డుపెట్టి యోడించుట! ఇది వీరమని యే యాలంకారికుడు చెప్పును? రసార్ణవసుధాకరమును వ్రాసిన సింగభూపాలుడు మన రాచకొండ నేలినవాడే. ఆయన సీమలోనివారమై రసభంగమును గుర్తింపకుండుట యెట్లు? పక్షిరాజు చెప్పినది నిజమేయని వశీకరుడు కడపట నొప్పుకొనును. నిజము చెప్పినవాడు అప్పటికే బూడిదయైనాడు.

ఇక సన. ఆమె ఈ బొమ్మలో కనబడనే కనబడదు. అప్పుడప్పుడు ఫోనులో గొంతు వినబడును, అదియు నవ్వు పుట్టించుటకు. తెరపై లేకున్న నేమి, కథలో నుండవచ్చును గదా. భవభూతి ఉత్తరరామచరితము మూడవ అంకమున సీత యెవరికిని కనబడదు. గంగావరముచే అదృశ్యయై తమసతో గూడ పంచవటికి వచ్చును. రాముడు మూర్ఛిల్లగా ఆమె చేతిస్పర్శచే తేఱుకొనును. ఆమెను మాత్రము చూడజాలడు. అయినను ఆ యంక మంతయు సీతదే. అదృశ్యముగ నుంచి యామెను కవి యెంత పెద్దదానిని జేసెనో చూడుడు! మొదటి యంకమునందు సీతారామలక్ష్మణులు తమ గతచరిత్రను చిత్తరువులలో జూచుకొనుచుందురు. పాత గాయము నిమిరి యచ్చటనుండియే క్రొత్త కథ నెత్తుకొనెను. వాల్మీకి ముగింపును మార్చి సీతారాములను గలిపినను భవభూతిని మనము తప్పుపట్టము, నొప్పి యెచ్చట నున్నదో ఆయన యెఱుగును గనుక. చిన్ననాట మా నాయనగారు ఈ నాటకమును చెప్పుచు మూడవ అంకమున పుస్తకము మూసి లేచిపోవువారు. కారణము నాకు పెండ్లియైన పిదప దెలిసినది.

“రోబో”కు మాటలు వ్రాసినవారిలో సుజాత యొకరు. అది భార్య పేరును కలముపేరుగా బెట్టుకొన్న రంగరాజన్ గారు. వృత్తిచే ఇంజనీరు. ఆయన 2008 ఫిబ్రవరిలో, మొదటి బొమ్మ వెలువడకముందే గతించిరి. రెండవదానికి మాటలు జయమోహన్ గారివి. లోపము మాటలలో లేదని నా యభిప్రాయము. కథ దారి తప్పిన తరువాత మాట లేమి చేయగలవు?

టవరుల సంగతియు నొక్కింత చెప్పవలెను. ఏలయన బొమ్మ చూచి వచ్చిన పొరుగింటివారు టవరునకు భయపడి పిల్లలను డాబామీదికి పోనీయకుండిరి. సెల్‌ఫోను సంస్థల సంఘము విడుదలకు ముందే సెన్సారు మండలికి ఫిర్యాదు చేసినది. టవరుల తరంగములకు అంతర్జాతీయముగ నుంచిన హద్దులో పదవవంతునే మన దేశము 2012 సెప్టెంబరు మొదలు హద్దుగ నేర్పరచినది. పిచ్చుకల తగ్గుదలకు టవరులే కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు. 2020లో వెలువడిన దేశపక్షుల నివేదికను బట్టి, పెద్దనగరములలో తగ్గినను దేశము మొత్తముమీద పిచ్చుక నిలకడగనే యున్నది. పిచ్చుక పిల్లలకు తల్లి పెట్టునది పురుగులు. పత్తిచేలపై మందులు కొట్టుచు, దూలముల పెంకుటిండ్లు పడగొట్టి సందులేని సిమెంటు గోడలు లేపి, నేరము టవరుపై నుంచుట సులభము. మా వసారాలో కట్టిన వరికంకుల కుచ్చునకు పిచ్చుకలు నేటికిని వచ్చుచున్నవి. దానికెదురుగా, రెండిండ్లవతల, టవరు కలదు.

పక్షిరాజు పాత్రకు స్ఫూర్తి సలీం అలీగారని చెప్పుదురు. ఇచ్చటనే నాకు మిక్కిలి కష్టము తోచినది. ఆయన 1896లో పుట్టి 1987 వరకు జీవించిరి, ఉరివేసికొనలేదు, పగబట్టలేదు. బాల్యమున తాను కొట్టిన యొక పిచ్చుక మెడపై పసుపుమచ్చ జూచి, ఇదేమి పిట్టయని బొంబాయిలోని ప్రకృతిచరిత్ర సంఘమున కడుగబోయి, అడుగుటలోనే జీవితము గడపిరి. 1931-32లో నైజాం సంస్థానమంతట పక్షులను పరిశీలించినది ఆయనయే. అప్పుడు మన రెండు జిల్లాలును ఆ సంస్థానములోనివి. ఈ రాళ్లగుట్టలలో పిట్టకూత వినుచు తిరిగిన మనుష్యుని కథ నెవరైన బొమ్మగ తీసినచో, మహాపక్షి లేకున్నను సరే, అత్తగారిని వెంటబెట్టుకొని మొదటి ఆటకే పోయెదను.