ఖాళీ గడి చెప్పిన సంగతి

ఏటా జూన్‌లో మన బళ్లకు ఎదురయ్యే ప్రశ్నే: తెలుగు పిల్లలు ఎంతమంది? హోసూరు వైపున్న మా బడి అడ్మిషన్ రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించాక జవాబు సులువనుకున్నాం. తరగతి, మాతృభాషల వారీగా లెక్క అడిగితే ముప్పై దాకా వరుసల జాబితా వచ్చింది. ‘ఒకటి, తెలుగు, 14, ఒకటి, తమిళం, 9...’ ఇలా. తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తే ఎవరికీ ఏమీ అంతుపట్టలేదు.

అదే లెక్కను గళ్ల పట్టికగా మార్చాం. ఎడమవైపు కిందికి తరగతులు, పైన అడ్డంగా తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ. అప్పుడు కంటపడింది: ఆరో తరగతి ఎదుట తెలుగు గడి ఖాళీ! జాబితాలో ఆ లోటు కనిపించలేదు. ఉన్నవాళ్లనే కంప్యూటర్ గుంపులు చేసి లెక్కిస్తుంది. పిల్లలే లేనిచోట వరుసే రాదు. పట్టికలో మాత్రం గడి మిగులుతుంది.

చేయడం కష్టమేమీ కాదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ తెరిచి, ‘రోస్’లో తరగతి, ‘కాలమ్స్’లో మాతృభాష, ‘వాల్యూస్’లో అడ్మిషన్ నంబరు పెట్టి ‘కౌంట్’ ఎంచుకుంటే చాలు. మొత్తాలు అదే వేస్తుంది.

ఈ మొత్తాలతో మనకు పనుంది. ప్రాథమిక స్థాయిలో ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే వారి మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని 1949లో విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించమంటుంది. ఒకటి నుంచి ఐదు వరకు పట్టిక వేస్తే, గడిలో పదీ, నిలువు వరుస అడుగున నలభయ్యీ ఒక్కచూపులో తెలుస్తాయి.

రెండు జాగ్రత్తలు. ‘తెలుగు’ అని ఒకచోట, ‘తెలుగు భాష’ అని మరోచోట రాస్తే రెండు వేర్వేరు నిలువు వరుసలవుతాయి, లెక్క చీలిపోతుంది. మాతృభాష రాయని పిల్లలను ‘నమోదు కాలేదు’ అని విడిగా చూపాలి. వాళ్లలో మన పిల్లలూ ఉండొచ్చు. అందుకే తల్లిదండ్రులకు మా మనవి: చేర్పించేటప్పుడు మాతృభాష గడిలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి.

మా వరకు, ఐదో తరగతి పిల్లల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాం. వచ్చే జూన్‌లో ఆ గడి ఖాళీగా ఉండకూడదు.