విఱిగిన చదువునకుఁ గట్టు

పుత్తూరు పేరు చెప్పఁగనే దక్షిణదేశమువారికి స్ఫురించునది యెముకల కట్టు. చేయి విఱిగినను, కీలు తొలఁగినను జనులు దూరప్రాంతములనుండి యిచ్చటికి వచ్చుచుందురు. కాని యాఁడుపిల్ల చదువు నడుమ విఱిగినచో దానికిఁ గట్టు గట్టువా రెవరు? పదుమూఁడు పదునాలుగేండ్ల ప్రాయమున బడి మానిన బాలిక, నేర్చిన నాలుగక్షరములను వంటయింటి పొగలో మఱచిపోవుట మన మెఱుఁగనిది కాదు. అట్టివారికై పాటుపడిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ చరిత్రమును సోదరీమణులకుఁ దెలుపఁగోరుచున్నాము.

ఈమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేఁటనే వివాహ మయ్యెను. పండ్రెండేండ్లప్పుడు, ఆంగ్లమునఁ బాఠములు చెప్పు నిర్బంధమును నిరసించి బడి విడిచెను. బడిని విడిచెనే కాని చదువును విడువలేదు. హిందీ నేర్చి, బాలికలకుఁ దానే పాఠశాల నడపెను. 1930లో నుప్పు సత్యాగ్రహమునఁ జెఱసాల కేఁగెను. విడుదలయైన పిమ్మట, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షతోఁ జదువును మరల నారంభించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునఁ బట్టము పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పరీక్షను ముగించెను.

తాను నడచిన త్రోవ తోడివారికిని జూపవలెనని యామె తలంపు. 1937లోనే మదరాసున నాంధ్ర మహిళాసభను స్థాపించి, తెలుఁగు బాలికలను ఆ కాశీ పరీక్షకే సిద్ధపఱచెను.

1953లో నామె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు అధ్యక్షురా లయ్యెను. పల్లెలకు ఉపాధ్యాయినులు, దాదులు, గ్రామసేవికలు కావలసియుండఁగా, తగిన చదువుగల స్త్రీలు దొరకరైరి. అందువలన 1958లో సంక్షిప్త విద్యాప్రణాళిక వెలసినది. బడి మానిన యువతులు, వితంతువులు, దిక్కులేనివారు రెండేండ్లలోనే పరీక్షకు సిద్ధపడుట దాని యుద్దేశము. ఇల్లు నడపి, లెక్కలు చూచి, లోకము నెఱిఁగిన స్త్రీకిఁ బసిపిల్లల వలెఁ దరగతికొక యేఁడు చొప్పున నేర్పఁ బనిలేదుగదా! ఆ సంవత్సరముననే యామె జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షత వహించెను. 1971లో నెహ్రూ సాక్షరతా పురస్కారము లభించెను. 1981 మే 9వ తేదీని కీర్తిశేషురా లయ్యెను.

సోదరీమణులారా! పదునాలుగేండ్లు నిండిన బాలిక, బడికిఁ బోకున్నను, నేఁడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. పుత్తూరునకుఁ జేరువనున్న తిరుపతిలో 1983లో వెలసిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయ మున్నది. దారి యున్నది, పంపువారే కావలెను. మీ యింటఁ గాని పొరుగింటఁ గాని చదువు మానిన పిల్ల యున్నచో, నేఁడే పుస్తక మామె చేతికిఁ దిరిగి యిండు. కట్టు ఆలసించిన కొలఁది యెముక కుదురుట కష్టమని పుత్తూరువారికి వేఱుగాఁ జెప్పవలయునా?