ఐపీ పెట్టిండంటే అంతా అయిపోయినట్టు కాదు

పదేండ్ల కింద మా పక్కూర్ల ఒక పత్తి సేటు ఐపీ పెట్టిండు. కొన్ని దినాలకే ఊర్ల ఇంటింటికి కోర్టు కవర్లు దిగినయ్. ఒక అక్క కవర్ చేతుల పట్టుకొని మా ఇంటికి ఉరికొచ్చింది. "తమ్మీ, పత్తి కొండవోయింది ఆయన. పైసలియ్యంది ఆయన. మళ్ల కోర్టుల కేసు నా మీద ఏసిండట. ఇదేం నాయం?" అని ఏడ్సింది. కాయితంల ఆమె పేరు ప్రతివాదుల లిస్టుల ఉన్నది.

ఊరి పెద్దమనుషులది ఒకటే మాట: "ఐపీ పడ్డదంటే ఇగ అయిపోయినట్టే. ఆ పైసల మీద ఆశ ఇడిసిపెట్టుండ్రి." అందరు అదే నమ్మిండ్రు. కవర్లు దూలంల చెక్కి ఊకున్నరు. వాయిదాకు పోయినోళ్లు పదకొండు మందే. అప్పుడు నాకు సుత ఐపీ సంగతి సగమే ఎరుక. నేను లా సదువలే. ఆ అక్క ఎంబడి కోర్టుకు తిరిగి, వకీళ్లను అడిగి, కాయితాలు ముంగటేసుకొని నేర్చుకున్నదే గీడ రాస్తున్న.

ఐపీ అంటే ఏంది?

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. మన మాటల దివాలా దరఖాస్తు. ఇది నడిచేది 1920ల తెల్లదొరలు చేసిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మీద. 2016ల కొత్త దివాలా చట్టం వచ్చింది కద అని మీరు అడగచ్చు. వచ్చింది, కని అది ఎక్కువగ కంపెనీలకే నడుస్తున్నది. మామూలు మనుషుల దివాలాకు అండ్ల రాసిన భాగాన్ని, కంపెనీ అప్పులకు జమానత్ ఉన్నోళ్లకు తప్ప ఇంక అమలుకు తేలేదు. అందుకే ఊరి సేటుకైనా, కిరాణం షాపాయనకైనా, రైతుకైనా ఇప్పటికీ ఆ నూరేండ్ల చట్టమే. ఎంత పాతదంటే, ఐదు వందల రూపాల బాకీ ఉంటె చాలు ఐపీ పెట్టచ్చని అండ్ల ఉన్నది.

మనోళ్లకు ఎరుక లేని ముచ్చట ఇంకోటున్నది. ఐపీ బాకీ పడ్డోడే పెట్టాలని లేదు. అప్పిచ్చినోళ్లు సుత పెట్టచ్చు. బాకీదారు ఇల్లు ఇడిసి తప్పిచ్చుకొని తిరిగినా, అప్పు ఎగ్గొట్టే మతలబుతోని ఆస్తి వేరేటోళ్ల పేరు మీదికి మార్చినా, ఆ పని జరిగిన మూడు నెలల లోపట అప్పిచ్చినోళ్లు కోర్టుకు పోయి "ఈయనను దివాలాదారుగ ప్రకటించుండ్రి, ఆస్తి కోర్టు చేతులకు తీసుకోండ్రి" అని అడగచ్చు.

కోర్టుల ఏం జరుగుతది?

బాకీదారు ఉండే జాగ, లేకుంటే యాపారం చేసే జాగ ఏ కోర్టు కిందికి వస్తదో అండ్లనే ఐపీ పడ్తది. మన దిక్కు ఎక్కువగ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులల్ల నడుస్తయి. దరఖాస్తుల రెండు లిస్టులు ఉండాలె. ఒకటి, ఎవలెవలికి ఎంత బాకీ ఉన్నదో పేర్లు, ఊర్లతోని సహా. రెండోది, తనకున్న ఆస్తి మొత్తం, ఏడున్నది, ఎంత ఇలువ అని. "ఈ ఆస్తిని కోర్టు ముంగట పెడుతున్న" అని రాసియ్యాలె. అప్పుడు లిస్టుల ఉన్నోళ్లందరికి నోటీసు పోతది. మా అక్కకొచ్చిన కవర్ అదే. అది ఆమె తప్పు చేసిందని చెప్పే కాయితం కాదు. "నీ మాట చెప్పుకో, రా" అని పిలిచే కాయితం.

విచారణల ఆయన నిజంగ కట్టలేడని కోర్టుకు అనిపిస్తే దివాలాదారు అని ఆర్డర్ ఇస్తది. లేకుంటే దరఖాస్తు కొట్టేస్తది. ఆర్డర్ పడ్డంక ఆస్తి కోర్టు చేతులకు, లేకుంటే కోర్టు పెట్టిన రిసీవర్ చేతులకు పోతది. అప్పటిసంది అప్పిచ్చినోళ్లు కోర్టు పర్మిషన్ లేకుంట విడిగ దావా ఎయ్యరాదు. ఆస్తి అమ్మంగ వచ్చిన పైసలు ముందుగాల సర్కారు బాకీల అసొంటి వాటికి పోతయి. మిగిలినయి, బాకీ రుజువు చేసుకున్నోళ్లకు ఎవలి వంతు వాళ్లకు పంచుతరు. బ్యాంకుకు కుదవ పెట్టిన ఆస్తి మీద బ్యాంకు హక్కు అట్లనే ఉంటది.

"రుజువు చేసుకున్నోళ్లకు" అన్న మాటను గట్టిగ యాదిల పెట్టుకోండ్రి. మా పక్కూర్ల కథ మొత్తం ఆ ఒక్క మాట మీదనే నడిచింది.

ఇంకోటి. ఐపీ ఊకె దాఖలైనంత మాత్రాన మీ నోటుకు గడువు ఆగదు. గడువు లెక్కల సడలింపు దివాలా ఆర్డర్ పడ్డ కాడికెళ్లే. ప్రామిసరీ నోటుకు మూడేండ్లే బలం. ఐపీ నడుస్తుంది కద అని నోటు పెట్టెల దాచి కూసుంటే, రేపు ఐపీ కొట్టేసిన నాడు నోటు ఉత్త కాయితమైతది. వకీలును అడిగి గడువు లోపట్నే దావా సంగతి చూసుకోవాలె.

రికార్డు ఎట్ల పట్టాలె?

ఎవలో ఐపీ పెట్టిండని ఊర్ల పుకారు లేస్తది. నిజమా, అబద్ధమా? కొందరైతే పెట్టకుంటనే "ఐపీ పెడ్త" అని బెదిరిచ్చి సగానికి సెటిల్‌మెంట్ చేసుకుంటరు. తేల్చుకునుడు మీ చేతుల ఫోన్ల ఉన్నది. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అని సర్కారు యాప్, వెబ్‌సైట్ ఉన్నయి. పైసా ఖర్చు లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకొని పార్టీ పేరు, సంవత్సరం కొట్టాలె. పేర్లు ఇంగ్లీషు అక్షరాలల్ల ఉంటయి కాబట్టి ఒక తీరుగ దొరకకపోతే ఇంకో తీరుగ రాసి చూడుండ్రి, ఇంటిపేరు తోని సుత చూడుండ్రి. నడుస్తున్న కేసులు వేరే, ముగిసినయి వేరే. రెండు చూడాలె. కేసు నంబర్ ముంగట ఐపీ అని ఉంటే అదే. అండ్లనే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఉంటది, అది రాసి పెట్టుకుంటే మళ్ల ఎతికే పని లేదు. వాయిదా ఎన్నడు, ఎవలెవలు ప్రతివాదులు, ఏ ఆర్డర్లు పడ్డయి అని తెలుస్తది.

యాప్‌ల లేని పాత కేసుకు కోర్టు ఆఫీసుకే పోవాలె. ప్రతివాదులైతే దరఖాస్తు పెట్టుకొని నకలు తీసుకోవచ్చు. కేసుల లేనోళ్లయితే ఎందుకు కావాల్నో అఫిడవిట్ రాసి కోర్టును అడగాలె. దివాలా ఆర్డర్ పడితే గెజిట్‌ల సుత వస్తది.

వెంచర్ల ప్లాటు కొన్న కంపెనీ దివాలా తీసిందా? అది ఈ కోర్టు కాదు. తెలంగాణకు హైదరాబాదుల, ఆంధ్రకు అమరావతిల ఉన్న కంపెనీ లా ట్రిబ్యునల్‌ది. ఐబీబీఐ వెబ్‌సైట్‌ల ప్రకటనలు ఉంటయి. క్లెయిమ్ పెట్టుకునే గడువు పద్నాలుగు దినాలే ఉంటది, ప్రకటనల ఆఖరు తేదీ చూసుకోండ్రి.

నకలు చేతికొచ్చినంక

ముందుగాల మీ బాకీ ఎంత రాసిండో చూడుండ్రి. మా అక్కకు రావాల్సింది లక్షా ఎనభై వేలు, లిస్టుల రాసింది ఎనభై వేలు. ఆమె తక్‌పట్టీలు పడెయ్యలే, బియ్యం డబ్బల దాచింది. వాటితోనే లెక్క సరి అయ్యింది.

తర్వాత ఆస్తి లిస్టు చూడుండ్రి. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ తీయండ్రి. ఐపీ పెట్టే ముందు రెండేండ్ల లోపట పైసలు తీసుకోకుంట సుట్టాలకు ఆస్తి రాసిచ్చి ఉంటే, దివాలా ఆర్డర్ పడ్డంక రిసీవర్ అడిగితే కోర్టు దాన్ని రద్దు చెయ్యచ్చు. రిసీవర్ కదలకపోతే కోర్టు పర్మిషన్ తోని అప్పిచ్చినోళ్లే అడగచ్చు. మా సేటు ఐపీకి ఎనిమిది నెలల ముందు బామ్మర్దికి ప్లాటు గిఫ్ట్ చేసిండు. ఈసీల బయటపడ్డది.

వకీలుకు పైసల్లేవా? 15100కు ఫోన్ చెయ్యండ్రి, లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతోని పని లేకుంట ఉచితంగ వకీలును ఇస్తరు.

అప్పుల మునిగిన తమ్ముళ్లకు ఒక మాట

ఐపీని నేను తిడ్తలేను. ఐపీతోని మోసం చేసేటోళ్లను తిడ్తున్న. నిజంగ మునిగినోడికి అది చట్టం ఇచ్చిన తొవ్వ. పుస్తె, వండుకునే గిన్నెలు, రైతు నాగలి, బతుకుదెరువుకు కావాల్సిన ఎడ్లు, విత్తనాలు, రైతు, కూలీ ఉండే ఇల్లు జప్తు కావు. అరెస్టు కాకుంట రక్షణ అడగచ్చు. ఆఖరికి డిశ్చార్జ్ ఆర్డర్ వస్తే ఆ బాకీల నుంచి విముక్తి. సర్కారు బాకీలు, మోసంతోని చేసిన అప్పులు, పెండ్లాం పిల్లల మనోవర్తి మాత్రం పోవు. జమానత్ పడ్డోళ్లు సుత బయటపడరు, సంతకం పెట్టే ముందు యాది పెట్టుకోండ్రి. ఆస్తి బాకీల సగానికి సుత రాకపోతే, నష్టం నీ చేతుల లేని కారణంతోని వచ్చిందని చూపెట్టాలె. ఏదన్న దాచిపెడితే జైలు సుత పడ్తది. దాచకుంట చెప్తే పాణం తీసుకునే అవసరం లేదు. అప్పుకు పైసలే జమ, పాణం కాదు.

ఆ ప్లాటు అమ్మినంక పైసలు పదకొండు మందికే వచ్చినయి. అక్కకు రావాల్సిన దాంట్ల సగం సుత రాలే, కని వచ్చిన కాడికి బిడ్డ నర్సింగ్ ఫీజు కట్టింది. మిగిలిన ఇరవై మూడు ఇండ్లల్ల కవర్లు ఇంక దూలంలనే ఉన్నయి. మీ ఇంట్ల గసొంటి కవర్ ఉంటే ఇయ్యాల్నే తీసి, వాయిదా తేదీ చూడుండ్రి.