కిలోలు సమానం – ఫలితం వేరు

బరువులెత్తే పోటీ అంటే కండబలం తప్ప మరేమీ అక్కరలేని మొరటు ఆట అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. నిజానికి లెక్కలో ఇంత నిక్కచ్చిగా ఉండే ఆట మరొకటి లేదేమో! ఈ సంగతి రష్యా క్రీడాకారిణి నతాలియా జబొలోత్నయా చరిత్ర తెలుసుకుంటే బాగా బోధపడుతుంది. రెండు ఒలింపిక్స్‌లో ఆమె విజేతతో సరిసమానంగా బరువెత్తింది. రెండుసార్లూ రెండవ స్థానమే దక్కింది. అందులో రెండవ పతకం కొన్నేళ్ళ తర్వాత చేజారిపోయింది కూడా. ఇది ఎలా జరిగింది, ఇందులో న్యాయమెంత, అన్యాయమెంత అన్నది నాకు తెలిసినంతలో వివరిస్తాను.

ముందు పోటీ పద్ధతి చెప్పుకుందాం. ఇందులో రెండు భాగాలున్నాయి. నేల మీది బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తి నిలబడడం స్నాచ్. మొదట భుజాల మీదికి తెచ్చుకొని, నిలదొక్కుకొని, అక్కడినుంచి తలపైకి ఎత్తడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కో భాగంలో మూడు అవకాశాలు ఇస్తారు. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులు కలిపితే వచ్చేది మొత్తం. పోటీ సాగుతున్న కొద్దీ కడ్డీ మీద బరువు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. కాబట్టి తక్కువ బరువు అడిగినవాళ్ళు ముందు ఎత్తుతారు, ఎక్కువ అడిగినవాళ్ళు తర్వాత ఎత్తుతారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని పడుతుంది.

జబొలోత్నయా పోటీ చేసింది 75 కిలోల తరగతిలో. అంటే ఆమె శరీరం బరువు 75 కిలోలు దాటకూడదు. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు ఈ అంకె వినగానే ధాన్యం బస్తా కళ్ళముందు మెదిలింది. మా వైపు బస్తా అంటే 75 కిలోలే. కళ్ళంలో ఒక బస్తా భుజానికెత్తుకోవాలంటే మగవాడికైనా ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఈమె లండన్‌లో తలపైకి ఎత్తి నిలిపినది 160 కిలోలు. అంటే రెండు బస్తాలు, ఆపైన ఇంకో పది కిలోలు! ఎవరి సాయమూ లేకుండా, న్యాయనిర్ణేతలు దించమనేదాకా చేతులు వంగకుండా, కాళ్ళు కదలకుండా నిలపాలి మరి.

ఇక 2004 ఏథెన్స్ సంగతికి వద్దాం. అప్పటికి ఆమెకు 19 ఏళ్ళు. స్నాచ్‌లో 125 కిలోలు ఎత్తింది. థాయ్‌లాండ్ క్రీడాకారిణి పవీనా థొంగ్‌సుక్ 122.5 దగ్గర ఆగింది. రష్యా అమ్మాయికి రెండున్నర కిలోల ఆధిక్యం. రెండవ భాగంలో జబొలోత్నయా 147.5 ఎత్తింది. థొంగ్‌సుక్ 150 ఎత్తింది. కూడి చూడండి, ఇద్దరికీ 272.5 వచ్చింది. అప్పటి నియమం ప్రకారం మొత్తాలు సమానమైతే ఎవరి శరీరం బరువు తక్కువైతే వారే విజేత. కాటా మీద థొంగ్‌సుక్ తక్కువ తూగింది. స్వర్ణం ఆమెకు, రజతం జబొలోత్నయాకు దక్కాయి. కాంస్యం మరో రష్యా క్రీడాకారిణి వలెంతీనా పొపోవాకు వెళ్ళింది.

ఇలాంటిది మన తెలుగువారికీ కొత్త కాదు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొట్టమొదట ఒలింపిక్స్‌లో చేరింది 2000 సిడ్నీలోనే. అక్కడ 69 కిలోల తరగతిలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110, 130 వెరసి 240 కిలోలతో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమెకు పైన ఉన్న చైనా లిన్ వైనింగ్, హంగరీ మార్కుష్ ఇద్దరిదీ 242.5 కిలోలే! అక్కడ కూడా స్వర్ణం ఎవరిదో తేల్చింది కాటాయే. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది. అది నిలిచి ఉంటే స్వర్ణం మనదే అయ్యేది.

ఇన్ని పోటీల్లో మొత్తాలు ఇలా సమానం కావడం కాకతాళీయమా? కాదు. దీనికి కారణం నియమంలోనే ఉంది. పోటీకి ముందే అందరినీ తూస్తారు. ఎవరెంత తూగారో అందరికీ తెలుసు. తేలికైన మనిషికి ప్రత్యర్థి మొత్తాన్ని దాటవలసిన పనిలేదు, సమానం చేస్తే చాలు. బరువైన మనిషి మాత్రం తప్పనిసరిగా పైకి పోవాలి. అందుచేత చివర ఎత్తే తేలికైన మనిషి సరిగ్గా సమానమయ్యే బరువునే అడుగుతుంది. నడుము విరిగేలా అదనంగా ఎత్తడం ఎందుకు? అంటే ఆ సమానత్వం కావాలని లెక్కగట్టి తెచ్చుకున్నదే. దానికితోడు ఆ రోజుల్లో బరువు రెండున్నర కిలోల మెట్లలోనే పెరిగేది. తర్వాత ఒక్కో కిలో చొప్పున పెంచుకునే వీలు కల్పించారు. ఇక ముడి పడదులే అనుకోవచ్చు.

కాని మళ్ళీ పడింది. ఈసారి 2012 లండన్‌లో. అంతకుముందు 2011 డిసెంబరులో బెల్గొరోద్ పట్టణంలో జబొలోత్నయా స్నాచ్‌లో 135, మొత్తంలో 296 కిలోలతో ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. అందరి కళ్ళూ ఆమె మీదే. ఎదురుగా స్వెత్లానా పొదొబెదోవా నిలిచింది. ఈమె కూడా రష్యాలో పుట్టి పెరిగిన మనిషే. తర్వాత కజకస్తాన్ పక్షాన చేరి 2009, 2010లో ప్రపంచ విజేత అయింది. స్నాచ్‌లో జబొలోత్నయా 131, పొదొబెదోవా 130. క్లీన్ అండ్ జెర్క్‌లో జబొలోత్నయా 160, పొదొబెదోవా 161. ఇద్దరికీ 291! పొదొబెదోవా తేలిక. ఎనిమిదేళ్ళ తర్వాత అదే కథ, అంకెలు మాత్రం వేరు. ఆధిక్యం స్నాచ్‌లో తనది, అంతే ఆధిక్యం తర్వాత ఎదుటివారిది, తీర్పు కాటాది.

కథ ఇక్కడితో ఆగి ఉంటే దురదృష్టవంతురాలు అని సానుభూతి చూపి ఊరుకునేవాళ్ళం. కాని అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

ఒలింపిక్స్‌లో క్రీడాకారుల మూత్రాన్ని రెండు సీసాల్లో సేకరించి, కొన్నేళ్ళపాటు గడ్డకట్టించి భద్రపరుస్తారు. విజ్ఞానం ముందుకు పోయాక మళ్ళీ పరీక్షించవచ్చునన్నది ఉద్దేశం. 1960లలో తూర్పు జర్మనీలో తయారైన ట్యురినబాల్ అనే మందు ఉంది. టెస్టోస్టిరోన్ అణువును కొంత మార్చి, దానికి ఒక క్లోరిన్, ఒక మిథైల్ గుంపు తగిలిస్తే వచ్చే పదార్థం ఇది. మిథైల్ గుంపు ఉండడంవల్ల కాలేయం దాన్ని వెంటనే విరగ్గొట్టలేదు. కాబట్టి మాత్రగా మింగినా పనిచేస్తుంది, కండ పెరుగుతుంది. ఆ దేశంలో ఎందరో బాలికలకు విటమిన్ మాత్రలని చెప్పి దీన్ని మింగించారు. ఆ నేరానికి 2000లో బెర్లిన్ న్యాయస్థానం పెద్దలకు శిక్ష కూడా వేసింది.

శరీరంలో ఈ మందు మార్పు చెంది కొన్ని పదార్థాలుగా విడిపోతుంది. పాత పరీక్షలు వెదికిన పదార్థాలు కొద్ది రోజుల్లోనే మూత్రంలోనుంచి మాయమయ్యేవి. పోటీకి ముందు మందు ఆపేస్తే దొరికేవారు కాదు. అయితే వారాల తరబడి నిలిచే వేరే పదార్థాలున్నాయని 2012లో ఒక పరిశోధన పత్రం బయటపెట్టింది. పురుగుమందు వాసన పోయినా గింజలో అవశేషం మిగిలినట్టు అన్నమాట. ఆ పత్రం రాసింది ఎవరనుకున్నారు? మాస్కో ప్రయోగశాలకు చెందిన సొబొలెవ్‌స్కీ, రోద్చెంకొవ్! ఆ రోద్చెంకొవే అమెరికాకు చేరి, 2016లో తమ దేశంలో క్రీడాకారులకు మందులిచ్చి దాచిపెట్టిన వ్యవస్థలో తన పాత్రను వెల్లడించాడు. మాస్కోలో కనుక్కున్న పద్ధతే మాస్కో క్రీడాకారులను పట్టించింది.

లండన్ సీసాలు మళ్ళీ తెరిచారు. 75 కిలోల తరగతిలో స్వర్ణం గెలిచిన పొదొబెదోవా, రజతం గెలిచిన జబొలోత్నయా, కాంస్యం గెలిచిన బెలారూస్ కులేషా, ముగ్గురూ అనర్హులయ్యారు. 265 కిలోలతో నాలుగవ స్థానంలో మిగిలిన స్పెయిన్ క్రీడాకారిణి లిదియా వలెంతీన్‌కు స్వర్ణం వెళ్ళింది. రజతం ఈజిప్టుకు, కాంస్యం కామెరూన్‌కు వెళ్ళాయి. ఈ వలెంతీన్ 2008 బీజింగ్‌లోనూ అయిదవ స్థానంలో ఉండి, పైవాళ్ళు ఇలాగే పడిపోగా రజతం పొందింది. 2016 రియోలో మాత్రం కాంస్యాన్ని వేదిక మీదే అందుకుంది. ఇంతకీ ఆ రియోకు రష్యా వెయిట్‌లిఫ్టింగ్ జట్టును అసలు రానివ్వనే లేదు.

రియో తర్వాత శరీరం బరువు నియమాన్ని కూడా మార్చారు. ఇప్పుడు మొత్తాలు సమానమైతే ఆ మొత్తాన్ని ముందు చేరినవారిదే గెలుపు. ముందు చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. తక్కువ బరువు ముందు ఎత్తుతారు కదా. 147.5 తర్వాతే 150, 160 తర్వాతే 161. ఈ కొత్త నియమం అప్పుడే ఉండి, అవే బరువులు ఎత్తి ఉంటే రెండు పోటీల్లోనూ జబొలోత్నయాయే విజేత! అయితే ప్రత్యర్థులు కూడా ఆ నియమం చూసుకొనే ఇంకాస్త ఎక్కువ బరువు అడిగి ఉండేవారనుకోండి.

కనుక ఆమె చరిత్రలో రెండు రకాల ఓటములున్నాయి. కాటా మీద ఓటమి నియమం వల్ల వచ్చింది. నియమం అందరికీ ముందే తెలుసు, అందరికీ ఒకటే, కాబట్టి అది కష్టమైనా మోసం కాదు. సీసాలో దొరికిన ఓటమి వేరు. అక్కడ నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు. 2012 ఆగస్టులో వేదిక కింద నిలబడి, తన జెండా ఎగరకుండా, తన గీతం మోగకుండా ఇంటికి వెళ్ళిన నాలుగవ మనిషి కూడా నష్టపోయింది. ఏళ్ళ తర్వాత పతకం చేతికి రావచ్చు, ఆ సాయంత్రం తిరిగి రాదు.

ఏథెన్స్ రజతం మాత్రం నేటికీ జబొలోత్నయా పేరు మీదే ఉంది. 19 ఏళ్ళ వయసులో 272.5 కిలోలు ఎత్తిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు గౌరవమే కలుగుతుంది. లండన్‌లోని 291 దగ్గరికి వచ్చేసరికి ఆ గౌరవం ఆగిపోతుంది. విజ్ఞానశాస్త్రం చదువుకుంటున్న మనం ఒక్కటి గమనించాలి. ఆ మాత్ర తయారైందీ ప్రయోగశాలలోనే, దాన్ని పట్టుకున్నదీ ప్రయోగశాలలోనే. రేపు మనలో ఎందరో అలాంటి గదుల్లో పనిచేయబోతున్నాం. ఆ బల్లకు ఏ వైపున నిలబడతామో ఎవరికి వారు ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.